గట్టు

బాదేపల్లి యార్డు గేటెదురుంగ నా పార్లరు.
షట్టరు సగం దించినంక వచ్చేది ఆమె,
చెప్పుల మీద పల్లికాయ దుమ్ము అట్లనే ఉండంగ,
కాంటా చీటీలు అంగీజేబుల నుంచి తీసి
హ్యాండ్‌బ్యాగుల సదురుకుంట.
మొదటిరోజు పేరడిగితే
అద్దం దిక్కు చూసి చెప్పింది: మాణిక్య.
కొత్త చెప్పులేసుకున్నట్టుండె ఆ మాట,
కొంచెం కరుస్తది,
కాని తన కాలి కొలతే.

పండ్ల నడుమ దారం పట్టి
ఇరవై రెండేండ్లుగ బొమ్మలు దిద్దుతున్న.
పెండ్లికి ముందు బొమ్మలు, ఇంటర్వ్యూ బొమ్మలు,
మొగడు పోయిన ఏడాదికి
కొంగు కప్పుకొని భయం భయంగ వచ్చిన బొమ్మలు.
వెంట్రుక మాట వింటది.
మాణిక్యకు మాత్రం
ఎంత సన్నగ తీసినా, ఎంత ఎత్తుకు వంచినా
బొమ్మ కింద గట్టు గట్టే.
చూరు లెక్క ముందుకొచ్చి
నా ట్యూబులైటు వెలుగును కండ్ల దాక పోనియ్యకపోయేది.

"దారం ఇంతకన్న లోపలికి పోదు బిడ్డా" అన్న.
"తెలుసక్కా. అందుకే చీటీ ఏస్తున్న."

మూడేండ్లు. రెండు చీటీలు.
ఒకటి నష్టానికి పాడుకున్నది.
బస్టాండుల ఎవరన్న "అన్నా, జర జరుగు" అన్నప్పుడల్లా
వచ్చి పుస్తకం తెరిచి కూడేది, ఇంకెంత అని.

ఎముక చెక్కుతరట!
నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలే.
హైదరాబాదు డాక్టరు తీసిన పటం ఫోన్ల చూపించింది,
బూడిద రంగు పుర్రె, తనదే.
వేలు పెట్టి, పాఠం అప్పజెప్పినట్టు:
"ఇది రాయి కాదక్కా, లోపల బోలు.
ముందుగోడ ఇప్పి, నున్నగ చేసి,
ఎనుకకు జరిపి మళ్ల బిగిస్తరు,
గడియారానికి ఉండేటంత మరలతోని."
ఇన్ని దినాలు నేను గుట్ట అనుకున్నది
గాలి ఉన్న అర్ర.

దవాఖాన కాగితం మీద 'సంబంధం' అన్న గడిల
అక్క అని రాసిన.
చేతులకు పని లేక
కొంగు అంచు దారాలన్ని పీకి కుప్ప పోసిన ఆ కుర్చీ కింద.
బయటికి తెచ్చిండ్రు,
మొఖం పొంగిన రొట్టె, కండ్లు రెండు గీతలు,
చెవి నుంచి చెవి దాక కుట్లు.
"ఎవలతోని కొట్లాడొచ్చినవే?"
"నవ్వియ్యకు. గుంజుతది."

నలభయ్యో రోజు మిడ్జిల్ బస్సు దిగి
ఈదమ్మ వచ్చింది, వాళ్లవ్వ.
చెప్పకుంటనే వచ్చింది.
నా పార్లరు కుర్చీల కూసున్న బిడ్డ ముందల నిలబడి
చానసేపు చూసింది.
బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు
నుదురంతా తడిమింది,
చీకట్ల గడప ఎతికినట్టు.
"మీ నాయినకు ఫొటో లేకుండెనే" అన్నది.
మట్టిపనికి పోయిన దేశంల, కాలువ గట్టు కూలి
పొయ్యిన మనిషి.
"ఈడ ఒక్కతాన కనిపిస్తుండె."

నాకు నోరు రాలే.
ఫ్యాను తిరుగుతున్నది, కత్తిరించిన వెంట్రుకలు నేల మీద జరుగుతున్నయి.

మాణిక్య మెల్లగ అన్నది,
"ఆడ మొద్దుబారిందవ్వ. నీ వేలు తెలుస్తలేదు."
అని ఆ చెయ్యి పట్టి
చెంప మీదికి దించుకున్నది.
"ఈడ తెలుస్తది."
ముసలామె చెయ్యి తియ్యలే.
బిడ్డా అన్నది. ఎప్పుడూ బిడ్డా అనే పిలిచేదట,
మార్చుకునే పని పడలే ఆ మాటకు.

దీపావళి దాటినంక
మళ్ల కూసోబెట్టి దారం తీసిన.
ట్యూబులైటు వెలుగు అడ్డం లేకుంట కండ్లల్ల పడ్డది,
తేనె రంగని నాకు అప్పుడే తెలిసింది.
మూడో వెంట్రుకకు
"అబ్బా!" అని ఎగిరిపడ్డది.
ఆగిన.
"నొప్పి లేసింది అక్కా" అంటున్నది,
నవ్వుకుంట,
"ఇంకోటి పీకు."